దాపరికము లేని యజమాని

పత్రికలు నడుపువారు తమ వ్యాపారమును గురించి తాము చెప్పుకొను మాటలలో సత్యమెంత, అలంకారమెంత యని విచారింపబూనిన పాఠకునికి, ఇరువదవ శతాబ్దమున బ్రిటిషు పత్రికాలోకమును ఏలిన ప్రభువులందరిలోను రాయ్ థామ్సన్ వంటి విలక్షణ పురుషుడు మరియొకడు కానరాడు. తక్కినవారు ప్రజాసేవ యనియు, సామ్రాజ్యరక్షణ యనియు, జాతిని మేల్కొల్పుట యనియు గంభీరముగా పలుకుచుండగా, ఆయన మాత్రము తాను పత్రికలు కొనునది డబ్బు సంపాదించుటకే ననియు, ఆ డబ్బుతో మరికొన్ని పత్రికలు కొని మరింత డబ్బు సంపాదించుటయే తన వృత్తి యనియు, ఇక పత్రికలో వ్రాయబడు విషయమన్నది ఒక ప్రకటనను మరియొక ప్రకటన నుండి వేరుచేయుటకు నడుమ నింపెడు సామగ్రి యనియు అడిగినవారికెల్ల నిస్సంకోచముగా చెప్పెడివాడు.

ఈ మాటలు విని నాటి లండను మేధావులు ముఖము చిట్లించిరి. అట్లు చిట్లించుటలో న్యాయము లేకపోలేదు. వార్త యనునది ప్రకటనల నడుమ సందు పూడ్చు పదార్థమని యజమానియే పలికినచో, ఆ వార్తకొరకు రాత్రింబవళ్లు తిరిగెడు విలేకరి మనస్సు ఎంత నొచ్చునో ఎవరైనను ఊహింపగలరు. అయినను ఆ మాటల మాటున ఆయన నడచిన నడతను, ఆయనకు ముందు వెనుకల పత్రికాధిపతులు పలికిన పెద్దమాటల మాటున వారు నడచిన నడతను పక్కపక్కన నిలిపి చూచినపుడు, సంపాదకునికి ఎక్కువ స్వేచ్ఛయు, పాఠకునికి తక్కువ మోసమును లభించినవి థామ్సన్ కొలువులోనే యని నాకు దృఢముగా తోచుచున్నది. ఆ విషయమునే ఇచట వివరింపదలచితిని. ఏలయన తెలుగుదేశములో నేడు పత్రికల యాజమాన్యమును గురించి జరుగు చర్చయంతయు యజమాని ఆశయము మంచిదా చెడ్డదా యను ప్రశ్న చుట్టు తిరుగుచున్నదే గాని, యజమాని తన ప్రయోజనమును పాఠకుని ఎదుట పెట్టినాడా లేదా యను ప్రశ్న వరకు వచ్చుట లేదు.

రాయ్ థామ్సన్ 1894లో కెనడాలోని టొరాంటో నగరమున ఒక మంగలి ఇంట జన్మించెను. పదునాలుగవ యేట బడి విడిచెను. కంటిచూపు మందమగుట వలన మొదటి ప్రపంచయుద్ధకాలమున సైన్యము ఆయనను చేర్చుకొనలేదు. యుద్ధానంతరము ప్రెయిరీ మైదానములలో సేద్యము చేయబోయి చేతులు కాల్చుకొనెను. మోటారు విడిభాగముల వ్యాపారము పెట్టి అందును నష్టపోయెను. ముప్పదియైదేండ్లు దాటిన పిమ్మట, ఒంటారియో రాష్ట్రపు ఉత్తరభాగమున మంచును అడవులును తప్ప మరేమియు లేని చోట్ల రేడియోపెట్టెలు అమ్ముచు తిరుగసాగెను. పెట్టె కొన్నవానికి అందులో వినవచ్చు స్టేషను ఆ ప్రాంతమున లేకపోయినందున బేరము సాగక, పెట్టెలు అమ్ముడుపోవుటకై తానే 1931లో నార్త్ బే పట్టణమున ఒక రేడియో స్టేషను నెలకొల్పెను. స్టేషను బ్రతుకవలెనన్న ప్రకటనలు కావలెను. ప్రకటనలు రావలెనన్న వినువారు కావలెను. వినువారు రావలెనన్న వారికి నచ్చెడు కార్యక్రమము కావలెను. ఈ వరుసలోనే ఆయన ప్రసారమును నేర్చుకొనెను, ఈ వరుసలోనే పత్రికను సైతము చూచెను. 1934లో బంగారు గనుల పట్టణమైన టిమిన్స్‌లో ఒక చిన్న పత్రికను రెండువందల డాలర్లు ముందు చెల్లించి తక్కినది వాయిదాలపై కొనునాటికి ఆయనకు నలుబది యేండ్లు. రచనమార్గమున గాక అమ్మకపుమార్గమున పత్రికారంగము ప్రవేశించినవాడు గనుకనే, రేడియోలో పది డాలర్ల ప్రకటన వినవచ్చుటకంటె శ్రావ్యమైన సంగీతము తనకు వేరొకటి లేదని ఆయన చెప్పగలిగెను. దానిని ధనమదమనుకొనుట పొరపాటు. దుకాణములు మూతపడి అప్పులవాండ్రకు సమాధానము చెప్పుకొనిన మనుష్యునికి ఆ పది డాలర్ల విలువ తెలిసియుండుట వలన వచ్చిన మాట అది.

1953 నాటికి కెనడాలో పెక్కు పత్రికలకు యజమానియై, భార్యను కోల్పోయి, పార్లమెంటు ఎన్నికలలో పోటీచేసి ఓడి, ఇక విశ్రాంతి తీసుకొనదగిన యేబదితొమ్మిదవ యేట ఆయన సముద్రము దాటి ఎడింబరో నగరమునకు వచ్చి 'ది స్కాట్స్‌మన్' పత్రికను కొనెను. అది 1817లో పుట్టిన వృద్ధపత్రిక. దాని మొదటి పేజీనిండ నాటి ఆచారమును బట్టి చిన్న ప్రకటనలుండెడివి. ప్రకటనలే పత్రికకు ప్రాణమని చాటిన ఈ యజమాని హయాముననే, 1957లో, ఆ పేజీ నుండి ప్రకటనలు లోపలికి పోయి వార్తలు ముందుకు వచ్చినవి. పాఠకుడు వార్తకొరకు పత్రిక కొనుననియు, ప్రకటన ఆ పాఠకుని వెన్నంటి వచ్చుననియు ఆయనకు స్పష్టముగా తెలియును. ఆయన మోటుమాటలు వినినవారు ఈ రెండవ సగమును గమనింపలేదు.

ఆ కాలముననే ఆయన చేతికి స్కాట్లాండు వాణిజ్య టెలివిజను అనుమతి దక్కెను. అందు పెట్టుబడి పెట్టుడని అచటి సంపన్నులను, ప్రభువంశీయులను ఆయన ఇల్లిల్లు తిరిగి వేడినను పెక్కుమంది వెనుకాడుటచే వాటాలలో నూటికి ఎనుబది వంతులు ఆయనకే మిగిలినవి. ప్రసారము మొదలైన కొలది కాలములోనే లాభము వరదవలె వచ్చిపడెను. అప్పుడాయన పలికిన మాట, ఈ అనుమతి సొంతముగా నోట్లు అచ్చువేసికొనుటకు ఇచ్చిన లైసెన్సు వంటిదనుట, ఆంగ్లభాషలో నేటికిని సామెతవలె వాడబడుచున్నది. మిత్రులు ఈ మాట అనకుండవలసినదని బాధపడిరి. నేనట్లు తలపను. గాలిలోని తరంగములు ప్రజలసొత్తు. వానిని వాడుకొను అనుమతిని రాజ్యము కొందరికి ఊరకయే పంచిపెట్టుచుండగా, ఆ కానుక విలువ యెంతయో పుచ్చుకొన్నవాడే నోరార చెప్పుట వలన పౌరునికి కలిగిన జ్ఞానము, పది విచారణసంఘముల నివేదికల వలనను కలిగియుండదు. అనుమతి పొందిన తోటివారందరు తమది కష్టభరితమైన ప్రజాసేవ యని వాదించు కాలమున, లోపలివాడొకడు నిజము పలికెను. అట్టి మాట పలికినవానిని మనము మందలింపక, దానిని విని వెంటనే అనుమతుల షరతులను సవరింపని ప్రభుత్వమును మందలింపవలెను.

1959లో కెమ్‌స్లీ ప్రభువు పత్రికలన్నియు 'సండే టైమ్స్'తో సహా ఆయన వశమైనవి. 1964లో కెనడా పౌరసత్వమును వదులుకొని బారన్ థామ్సన్ ఆఫ్ ఫ్లీట్ అను బిరుదము స్వీకరించెను. అంతకుముందు సంవత్సరము బ్రిటిషు వ్యాపారులతో కలిసి మాస్కో వెళ్లినపుడు, ఇంత డబ్బు మీకెందుకు, పోవునపుడు వెంట తీసికొనిపోలేరు గదా యని సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ అడుగగా, అట్లయిన నేను పోనేపోనని ఆయన బదులిచ్చెనని ప్రసిద్ధి. ఈ కథలు ఎన్నియైనను ఉన్నవి. వానిని ఏకరువు పెట్టుట నా ఉద్దేశము కాదు. ఆ మోటుమాటల మనిషి తన సంపాదకులపట్ల ఎట్లు వర్తించెననునదే ముఖ్యము.

ఆయన జేబులో ఎల్లప్పుడు ఒక చిన్న కార్డు ఉండెడిది. తన పత్రికల సమర్థనను ఏ వ్యక్తియు, ఏ వర్గమును కొనజాలదనియు, ప్రతి పత్రికయు తన ప్రాంతపు మేలును తన సంపాదకుని వివేకమును బట్టి తానే నిర్ణయించుకొనుననియు అందు అచ్చువేయబడియుండెను. మీ పత్రికలో మాపై ఇట్లు వ్రాసినారేమని ఏ మంత్రియో, ఏ విందులో కలిసిన ప్రముఖుడో ఆయనను నిలదీసినపుడు, ఆయన వాదమునకు దిగక ఆ కార్డును తీసి చూపెడివాడు. ఒక పట్టణములో ఒక పక్షమునకు, పొరుగు పట్టణములో ఎదుటి పక్షమునకు ఆయన పత్రికలు కొమ్ముకాయుట ఆయనకు ఏమాత్రము చింత కలిగింపలేదు. ఆ నిర్లిప్తతకు మూలము ఔదార్యము కంటె లెక్క యనుట సత్యమునకు దగ్గర. వ్యాపారము బాగుగ నడువవలెనన్న స్థానికులెరిగిన సంపాదకుని చేతికి పగ్గము లీయవలెనని ఆయన అనుభవము. కాని స్వేచ్ఛ ఏ కారణమున లభించినను సంపాదకునికి అది స్వేచ్ఛయే.

ఇక దీనికి సరిగా ఎదుటి ధ్రువమున నిలిచినవాడు బీవర్‌బ్రూక్ ప్రభువు. ఆయనయు కెనడావాడే, ఆయనయు బాల్యమున ధనములేనివాడే. పైగా భాషపై అధికారము, వార్తను పసిగట్టు ప్రతిభ థామ్సన్‌కంటె ఎన్నోమడుగులు కలవాడు. ఆయన 'డెయిలీ ఎక్స్‌ప్రెస్' లక్షలాది పాఠకులను సంపాదించి, ఇంగ్లండులో ప్రతి రైలుపెట్టెలో కనిపించెడిది. కాని ఆయనకు పత్రిక ఒక ఆయుధము. పత్రికలపై నియమింపబడిన రాయల్ కమీషను ఎదుట 1948లో నిలిచి, తాను పత్రికను నడుపునది కేవలము ప్రచారమునకేననియు, వేరు ప్రయోజనము లేదనియు ఆయన సాక్ష్యమిచ్చెను. ఇదియు నిష్కాపట్యమే యని కొందరందురు, అందులో కొంత నిజము గలదు. అయినను ఆ మాట కమీషను ముందు పలుకుట వేరు, ప్రతి ఉదయము ఒక పెన్నీ ఇచ్చి పత్రిక కొను సామాన్యునికి తెలియుట వేరు. వానికి చేరినది వార్తరూపమున వచ్చిన ప్రచారమే. 1931లో సామ్రాజ్య వాణిజ్యవాదమునకై బీవర్‌బ్రూక్, రొథర్మియర్ ప్రభువులు తమ పత్రికల నన్నింటిని ఒక ఉపఎన్నికలోనికి దింపినపుడు, కన్సర్వేటివు నాయకుడు బాల్డ్విన్, బాధ్యత లేని అధికారమును కోరువారని వారిని బహిరంగసభలో తీవ్రముగా అధిక్షేపించెను. ఆ వాక్యమును కూర్చి యిచ్చినవాడు ఆయన బంధువును కవియునైన కిప్లింగ్. ఆ ఎన్నికలో ప్రభువుల అభ్యర్థి ఓడిపోయెను. తాను నమ్మిన సిద్ధాంతమునకై పత్రికను వంచుట ధనమునకై వంచుటకంటె ఉదాత్తమని మనకు తోచును. కాని మోసపోవు పాఠకుని స్థానమున నిలిచి చూచినవానికి ఆ రెంటికి భేదమేమో బోధపడదు. యుద్ధము రానేరాదని తన పత్రిక 1938లో చాటినపుడు బీవర్‌బ్రూక్ దానిని మనసార నమ్మినాడు. ఆ నమ్మకము వలన పాఠకునికి ఒరిగిన దేమి?

1964 మే నెల 25వ తేదీన, బీవర్‌బ్రూక్ ఎనుబదియైదవ జన్మదినమునకు లండనులోని డార్చెస్టర్ హోటలులో గొప్ప విందు చేసినవాడు థామ్సన్. రోగము ముదిరిన ఆ వృద్ధుడు లేచి నిలిచి తన చివరి ప్రసంగము చేసెను. మరి రెండువారములకు మరణించెను. ఒకరి దృష్టిలో పత్రిక అంగడి, మరియొకరి దృష్టిలో పత్రిక అస్త్రము. ఆ భేదమును ఇరువురు నెరుగుదురు, దానిని దాచుకొనకయే స్నేహము చేసిరి.

థామ్సన్ మాటకు నిజమైన పరీక్ష 1972లో వచ్చినది. గర్భిణులు థాలిడోమైడ్ అను మందు వాడుట వలన చేతులు కాళ్లు సరిగా ఎదుగని శిశువులు జన్మించిన ఘోరము లోకవిదితము. బ్రిటనులో ఆ మందును అమ్మినది విస్కీ తయారీకి పేరుపడిన డిస్టిలర్స్ కంపెనీ. బాధిత కుటుంబములు పదేండ్లు న్యాయస్థానముల చుట్టు తిరుగుచు స్వల్ప పరిహారముతో సరిపెట్టుకొనవలసిన దుస్థితిలో ఉండగా, 'సండే టైమ్స్' సంపాదకుడు హెరాల్డ్ ఇవాన్స్ ఆ కంపెనీకి నైతికబాధ్యతను గుర్తుచేయుచు సెప్టెంబరు నెలలో వ్యాసపరంపర ప్రారంభించెను. డిస్టిలర్స్ ఆ పత్రికకు ఘనమైన ప్రకటనదారు. వ్యాసముల మూలమున ఆ ఆదాయము పోవునని సంపాదకునికి తెలియును, యజమానికి మరింత బాగుగా తెలియును. ప్రకటనల నడుమ నింపెడు సామగ్రియే వ్రాత యని ఇరువదేండ్లుగా చెప్పుచున్న ఆ యజమాని, అప్పుడు ఆ వ్రాతకొరకు ప్రకటనను పోగొట్టుకొనుటకు సిద్ధపడెను. ఒక్క పలుకు అడ్డు చెప్పలేదు. అటార్నీ జనరల్ న్యాయస్థానమునకు వెళ్లి ప్రచురణను ఆపించెను. 1973లో నాటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ ఆ నిషేధమును సమర్థించెను. పత్రిక పట్టువిడువక స్ట్రాస్‌బర్గులోని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము వరకు పోయి 1979లో గెలిచెను. ఈలోగా ప్రజాగ్రహమునకు తలవంచి కంపెనీ పరిహారమును రెండుకోట్ల పౌండ్లకు పెంచవలసివచ్చెను. ఆ బిడ్డల పోషణకు సమకూరిన ధనములో ప్రతి పౌండు వెనుక ఒక సంపాదకుని ధైర్యమును, ఒక యజమాని మౌనమును గలవు. ఆ మౌనము విలువ యెంతటిదో, యజమాని ఫోను మ్రోగగానే గుండె జారు డెస్కులలో పనిచేసినవారందరు ఎరుగుదురు.

ఇంతమాత్రమున థామ్సన్ పద్ధతి నిర్దోషమని నేననను. ఆయన జోక్యము చేసికొనకపోవుట ఎంత నిజమో, కెనడాలోని చిన్న పట్టణములలో ఆయన పత్రికలు పస్తులుండుట అంతే నిజము. జీతములు తక్కువ, విలేకరులు తక్కువ, ప్రతి పైసకు లెక్క. సంపాదకునికి ఏమైనను వ్రాయు స్వేచ్ఛ ఉండెను గాని, వ్రాయదగినదానిని వెదకి తెచ్చుటకు మనుష్యులు లేరు. పోషణ లేని స్వేచ్ఛ అర్ధస్వేచ్ఛయే. యజమాని ఆదేశములతో వంగిన పత్రిక అబద్ధము చెప్పును. యజమాని పిసినారితనముతో చిక్కిన పత్రిక ఊరక యుండును. పంచాయతీ లెక్కలు ఎవరును చూడని, న్యాయస్థానమునకు ఎవరును పోయి కూర్చుండని ఊరిలో ఆ ఊరక యుండుట కూడ అబద్ధమువలెనే పనిచేయును. లాభమును బహిరంగముగా కోరు యజమానినుండి పాఠకుడు రెండవ ప్రశ్నగా అడుగవలసినది ఇదియే: ఆ లాభములో వార్తకు తిరిగి వచ్చునది ఎంత?

ఆ ప్రశ్నకు ఆయన తన జీవితపు చివరి దశకమున ఒక సమాధానము ఇచ్చెను. 1785లో స్థాపితమై, ఇంగ్లండు పాలకవర్గమునకు ఉదయసంధ్యావందనము వంటిదైన 'ది టైమ్స్' నష్టములలో మునిగి 1966లో అమ్మకమునకు వచ్చినపుడు, గుత్తాధిపత్య విచారణసంఘము ఎదుట హాజరై, దాని స్వాతంత్ర్యమును కాపాడెదననియు, తన కుటుంబ ధనముతో దానిని నిలిపెదననియు మాటయిచ్చి కొనెను. అది లాభమునకు కొన్నదని ఎవరును అనజాలరు. కోట్ల ధనము అందులో కరగిపోయెను. ఎనుబదియేండ్లు సమీపించుచుండగా ఉత్తరసముద్రపు చమురు వెదకు కూటమిలో వాటా తీసికొని, 1973లో పైపర్ క్షేత్రమున చమురు పడుటతో ఆయన సంపద మరల పెరిగెను గాని, 'ది టైమ్స్' నష్టము మాత్రము తీరలేదు. 1976 ఆగస్టులో ఆయన కన్నుమూసెను.

ఆ పిమ్మటి కథయే నన్ను మిక్కిలి కలవరపెట్టునది. కార్మికసంఘములతో తగవు ముదిరి 1978 డిసెంబరు నుండి దాదాపు ఒక సంవత్సరము 'ది టైమ్స్' వెలువడలేదు. విసిగిన కుమారుడు కెన్నెత్ 1981లో 'ది టైమ్స్', 'సండే టైమ్స్' పత్రికలను మరియొక పత్రికాధిపతియైన రూపర్ట్ మర్డోక్‌కు అమ్మివేసెను. 1980 ఆగస్టు 27న కెనడాలో థామ్సన్ సంస్థ 'ఒట్టావా జర్నల్'ను మూసివేసిన రోజుననే, పోటీ సంస్థయైన సౌథమ్ 'విన్నిపెగ్ ట్రిబ్యూన్'ను మూసివేసెను. రెండు నగరములు ఒక్కనాడే ఒక్కొక్క ఆంగ్ల దినపత్రికతో మిగిలినవి, ప్రభుత్వము విచారణకు రాయల్ కమీషను వేయవలసివచ్చెను. ఇక లండనులో మర్డోక్, సంపాదకుల స్వాతంత్ర్యమును కాపాడెదనని ప్రభుత్వమునకు లిఖితపూర్వకముగా హామీలిచ్చెను. ఆ హామీలకు చట్టబలము సైతము కలిగింపబడెను. 'ది టైమ్స్' సంపాదకత్వము స్వీకరించిన హెరాల్డ్ ఇవాన్స్ ఒక్క సంవత్సరము మాత్రమే నిలిచి, 1982 మార్చిలో తప్పుకొనవలసివచ్చెను. ఆ హామీలు వ్రాసిన కాగితమంత విలువయు చేయలేదని తరువాత ఆయన గ్రంథస్థము చేసెను. చట్టబలము లేని కార్డు నిలిచినది, చట్టబలము గల హామీ నిలువలేదు. దీనిని బట్టి చట్టములు వ్యర్థమని నిశ్చయించుట తొందరపాటు. కాని యజమాని గుణమును నమ్ముకొనిన పత్రికాస్వాతంత్ర్యము ఆ యజమాని ఆయుర్దాయముతో ముగియుననుట మాత్రము ఈ కథలో స్పష్టముగా ఉన్నది.

ఇప్పుడు మన సంగతి. తెలుగు పత్రికల చరిత్రలో ధనమూలమును దాచుకొనని మహానుభావుడొకడు గలడు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము తయారీ ప్రారంభించి, ఆ లాభముతో 1908లో అచటనే ఆంధ్రపత్రికను వారపత్రికగాను, 1914లో మద్రాసులో దినపత్రికగాను, 1924లో భారతి మాసపత్రికను నడిపిరి. ఆయన ఆశయము థామ్సన్ ఆశయమునకు సుదూరము. స్వాతంత్ర్యోద్యమమునకు, ఆంధ్రోద్యమమునకు పత్రికను అంకితము చేసినవారు, ఆ కారణమున కారాగారవాసము చేసినవారు. కాని ఒక్క విషయమున ఇరువురికి పోలిక గలదు: పత్రిక ఏ డబ్బుతో నడుచుచున్నదో, ఏ పక్షమున నిలిచినదో పాఠకునికి సందేహము లేకుండెను. ఇంటింట తలనొప్పికి రాచుకొను పచ్చని లేపనము సీసాయే ఆంధ్రపత్రిక ఆదాయవ్యయ పట్టిక. ఆ పత్రికతో ఏకీభవింపనివాడు సైతము, ఎవరితో విభేదించుచున్నాడో ఎరిగి విభేదించెను.

నేడు రెండు తెలుగు రాష్ట్రములలోను ఏ పత్రిక ఏ రాజకీయపక్షమునకు చేరువయో రహస్యమేమియు కాదు. కాని ఆ తెలివిడి పత్రికపుటనుండి వచ్చినది కాదు. నోటిమాటగా, వదంతిగా, ఎదుటి పత్రిక చేసిన ఆరోపణగా వచ్చినది. యాజమాన్యములకు భూవ్యాపారము, కాంట్రాక్టులు, విద్యాసంస్థలు, విద్యుదుత్పత్తి, చలనచిత్రములు, ఎన్నికల పదవులు, వీనిలో ఏదో యొకటి ఉండుట మన దేశమున సామాన్యమైపోయినది. వ్యాపారము చేయుట నేరము కాదు, పక్షము వహించుట నేరము కాదు. ఒక జలాశయము నిర్మాణమును గురించి బ్యానరు వార్త చదువు రైతునకు, ఆ నిర్మాణపు పనిలో పత్రిక యజమానికి వాటా ఉన్నదో లేదో ఆ వార్తక్రిందనే తెలియకపోవుట మాత్రము నేరమునకు దగ్గరగా ఉన్న దోషము. ఆ రైతు పత్రికను నమ్మి నీటికొరకు ఒక పంట మార్చుకొనును, ఒక అప్పు చేయును. ఆయన నమ్మకము మనకు పెట్టుబడి. ఆ పెట్టుబడికి లెక్క చెప్పవలసిన బాధ్యత మనకున్నది.

చట్టము ఈ దిశగా ఒక చిన్న అడుగు ఎప్పుడో వేసియున్నది. 1867 నాటి పత్రికా చట్టము క్రింద 1956లో చేసిన నిబంధనలను బట్టి, ప్రతి పత్రికయు ఏటేట ఫిబ్రవరి గడచిన వెంటనే వచ్చు సంచికలో, ఫారము 4 అను పేర, ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడు, యజమాని ఎవరో, మూలధనములో నూటికి ఒకటికి మించి వాటా గలవారెవరో ప్రకటింపవలసియుండెను. ఆ ప్రకటన లోపలి పేజీలో ఒక మూల, భూతద్దము లేనిదే చదువరాని అక్షరములలో ఏండ్ల తరబడి పడుచు వచ్చెను. అందు పేర్లున్నవి గాని, ఆ పేర్లు గలవారికి వేరే వ్యాపారములేమో, ప్రభుత్వముతో ఒప్పందములేమో, ఏ పార్టీలో ఏ పదవియో లేదు. పాత చట్టము స్థానమున 2023లో కొత్త చట్టము వచ్చినను ఈ లోటు తీరినదని చెప్పజాలము.

కావున తెలుగు పత్రికల యజమానులందరిని, ఏ పక్షమువారైనను, నేను కోరునది ఒక్కటే. చట్టము అడుగువరకు ఆగక, వచ్చు మార్చి మొదటి సంచికలో, మొదటి పేజీలోనే, చదువదగిన అక్షరములలో, మీ ఇతర వ్యాపారములను, ప్రభుత్వముతో మీకు గల ఒప్పందములను, మీ కుటుంబమువారు వహించు రాజకీయ పదవులను ప్రకటింపుడు. వానికి సంబంధించిన వార్త అచ్చైన ప్రతినాడు ఆ సంబంధమును వార్తతోపాటు తెలుపుడు. ఏ పత్రిక ఆ పని చేయదో, ఆ పత్రిక సంపాదకునికి పాఠకులు ఆ మాసమే ఒక కార్డు వ్రాసి కారణమడుగవలెనని మనవి చేయుచున్నాను.